ఎడమ పక్క స్పీకరు

ఐలేష్ స్టూడియో స్పీకర్లు కొంటానన్న రోజు నుంచి కరుణకు తిండి సయించడం మానేసింది.

ఆ మాట అతను సంతోషంగానే చెప్పాడు. ఆదిభట్ల నుంచి కంపెనీ బస్సు దిగి ఆమె ఇంట్లో అడుగు పెట్టిందో లేదో, ఫోను తెచ్చి ముఖం ముందు పెట్టాడు. అందులో నల్లటి డబ్బాలు రెండు పక్కపక్కన ఉన్నాయి.

"హెడ్‌ఫోన్లను నమ్మొద్దు కరుణా. పెద్ద స్టూడియోలల్ల ఎవ్వలు వాటితోని పాట ముగించరు. మానిటర్లని ఉంటయ్, గివే. మామూలు డబ్బాలు పాటను జర తియ్యగ చేసి వినిపిస్తయ్. ఇవి గట్ల గాదు. తప్పుంటే తప్పే వినవడ్తది."

కరుణ చెప్పులు విడుస్తూ, ఇప్పుడవి అవసరమా బావా అని మాత్రం అంది. అతను వినలేదు. ఆమె అతనికి ఎడమ పక్కన నిలబడి ఉంది.

ఐలేష్ ఆమెకు మేనబావ, ఆమెను పెండ్లాడినవాడు. ఇబ్రహీంపట్నంలో చెరువు దిక్కు పోయే బాటలో వాళ్ల ఇల్లు. మామ గోపయ్య చేపలు పట్టేవాడు. ఐలేష్‌కు వల చేత పట్టడం మొదటి నుంచీ ఇష్టం లేదు. పదో తరగతి దాటాక మైక్‌సెట్ల వెంట తిరిగాడు, తర్వాత డీజే బండి మీద చేరాడు. పెండ్లి బరాతులకు, బోనాలకు, గణేశుల ఊరేగింపులకు బండి మీద మిషను ముందు కూర్చుని పాటలు మార్చడం అతని పని. కూర్చున్నచోట మనిషంత ఎత్తు బాక్సులు ఎప్పుడూ ఎడమ పక్కనే ఉండేవి.

ఒక యేడు నిమజ్జనం అయినంక చెవిలో గీమంటుందని చెప్పాడు. కరుణ నూనె వెచ్చజేసి రెండు చుక్కలు వేసింది. దవాఖానకు పోదామనుకున్నారు. ఆ వారమే గోపయ్య మంచం పట్టాడు. ఆయన్ను తిప్పడంతోనే దినాలు గడిచిపోయాయి, చెవి సంగతి ఎవరికీ గుర్తులేదు. ముసలాయన మళ్లీ లేవలేదు.

బాపు పోయాక ఐలేష్ డీజే బండి ఎక్కలేదు. ఇంటి వెనక గోపయ్య వలలు పెట్టుకున్న రేకుల గదిని ఖాళీ చేసి, గోడలకు పాత బొంతలు కొట్టి, ఒక కంప్యూటరు, మైకు, హెడ్‌ఫోన్లు తెచ్చి అందులో కూర్చున్నాడు. మొదట చేసింది బాపు మీది పాటే. చెరువు మీద పొద్దున్నే పడే పొగమంచులో తెప్ప మీద ఒక్కడే కూర్చున్న మనిషి గురించి తనే రాసి, తనే పాడాడు. ఆ పాట ఊళ్లో ఫోను ఫోనుకూ పాకింది. చనిపోయిన తమ వాళ్ల మీద కూడా అట్లాంటి పాట కావాలని మనుషులు రావడం మొదలైంది. దశదినకర్మ నాడు ఫ్లెక్సీ పక్కన డబ్బాలో మోగే పాటలు, సంవత్సరీకానికి పాటలు. ఇక్కడికే కాదు, అబ్దుల్లాపూర్‌మెట్ దిక్కు నుంచి కూడా వచ్చేవాళ్లు. ఐలేష్ చేతిలో ఏదో ఉందని అనుకునేవాళ్లు.

బాపు మీది పాటను అందరికీ పంపింది కరుణ. పేరు రాయడం, ఫొటో పెట్టడం, యూట్యూబులో ఎక్కించడం వంటివి ఐలేష్‌కు చిరాకు. ఎక్కించే ముందు ఒకసారి విందామని ఆమె బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. బావ గొంతు వినగానే కండ్లు తడిసినై. కొంచెం సేపటికి ఏదో తేడా కొట్టింది. గొంతు, డప్పు, తాళాలు అన్నీ ఎడమ చెవి మీదనే వచ్చి పడుతున్నాయి. కుడి పక్క ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. ఇయర్‌ఫోన్లు ఖరాబైనయేమో అనుకుని ఈ చెవిది ఆ చెవికి మార్చింది. మోత కుడి చెవికి మారింది. అంటే తప్పు పాటలోనే ఉంది.

ఏడుస్తూ చేసిన పాట గదా, చూసుకోలేదేమో అనుకుంది. ఇంటర్మీడియట్‌లో కంప్యూటరు నేర్చుకున్నది, బావ పని చేస్తుంటే పక్కన కూర్చుని చూసింది. ఎడమ కుడి సరిచేసే గీత ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు. అతను స్నానానికి పోయినప్పుడు ఆ గీతను జరిపి, తెర మీద రెండు పచ్చ పట్టీలు సమానంగా ఎగిరేదాకా చూసి, అప్పుడు ఎక్కించింది.

రెండో పాట కూడా అట్లే ఒరిగింది. మూడోదీ అంతే. ఆ తర్వాత ఆమె అతన్ని గమనించడం మొదలుపెట్టింది. ఫోను ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటున్నాడు. ఎడమ పక్క నుంచి పిలిస్తే పలకడం లేదు, పలికినా వెనక్కి తిరిగి వెతుకుతున్నాడు. అయినా చెప్పలేదు. తండ్రి పోయి మనిషి సగమైపోయి ఉన్నాడు, ఆ గదిలో కూర్చుంటేనే కాస్త తేరుకుంటున్నాడు, కొంచెం నిలదొక్కుకున్నాక చెబుదాం అనుకుంది. నిలదొక్కుకున్నాక, ఇన్ని పాటలు సరిచేసి పంపిన సంగతి ఎట్లా చెప్పాలో తెలియలేదు. పాట వెంట పాట వస్తూనే ఉంది. ఆమె సరిచేస్తూనే ఉంది. రోజులు గడిచినకొద్దీ ఆ మాట నోట్లోంచి రావడం ఇంకా కష్టమైంది.

ఐలేష్ మాత్రం హెడ్‌ఫోన్లను అనుమానించాడు. ఎడమ పక్క సన్నగా వస్తుందని ఒకటి పక్కన పడేశాడు. కొత్తది కొన్నాడు, సౌండు ఇంకా పెంచుకున్నాడు. దాని మీదా నమ్మకం పోయింది. అప్పుడే స్పీకర్ల మీద మనసు పడింది.

వారం రోజులు వీడియోలు చూశాడు. పెద్దవి కొనాలా చిన్నవి కొనాలా అని తర్జనభర్జన పడ్డాడు. గది చిన్నది కాబట్టి పెద్దవి పెడితే మూలల్లో మోత గూడు కట్టుకుంటుందని, గోడకు జర దూరం జరపాలని, డబ్బాలో మోత పుట్టే గిన్నె సరిగ్గా చెవి ఎత్తులో ఉండాలని అందరికీ చెప్పాడు. తల్లి జంగమ్మ కూరగాయలు తరుగుతూ, ఏమీ అర్థం కాకున్నా ఊఁ కొట్టింది. రెండు డబ్బాలు, కూర్చున్న మనిషి తల, మూడూ సమాన దూరంలో ఉండాలట. అందుకోసం ఒక ఆదివారం వల దారం తెచ్చి కొలిచాడు. ఒక కొసను గోడ దగ్గర తను పట్టుకుని చూసి, తర్వాత మేకుకు కట్టి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. రెండో కొసను తన చెవి దగ్గర పట్టుకొమ్మని కరుణకు ఇచ్చాడు.

అతని ఎడమ చెవికి జానెడు దూరంలో దారం పట్టుకుని నిలబడ్డ ఆమె, ఉండబట్టలేక మెల్లగా అంది.

"బావా, నీకు ఈ చెవి వినవడ్తలేదు."

అతను గోడ మీది మేకునే చూస్తున్నాడు. "దారం వదులైతుంది, జర గట్టిగ పట్టు" అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం ఇద్దరూ బండి మీద సిటీకి పోయారు. మెట్లెక్కి పోతే పైన షాపు. ఒక గదిలో గోడ పొడుగునా స్పీకర్లు వరసగా ఉన్నాయి. షాపాయన నడివయసు మనిషి, తొందర లేదు. ఐలేష్ పెన్‌డ్రైవ్‌లో పాత పాటలు తెచ్చుకున్నాడు. తను చేసినవి కావు, డీజే రోజుల నుంచి కంఠతా వచ్చినవి. తెలిసిన పాటతోనే డబ్బా గుణం తెలుస్తుందని అతని లెక్క.

మొదటి జతకు ఎడమది తక్కువొస్తుంది అన్నాడు. షాపాయన ఇంకో జత పెట్టాడు. దానికీ అదే మాట. ఎడమదాన్ని కుడికి, కుడిదాన్ని ఎడమకు మార్చి పెట్టమన్నాడు. మార్చి పెట్టినా ఎడమ పక్కే తక్కువైంది. అటు పక్క కిటికీ ఉంది గదా, సౌండంత అందులకెళ్లి పోతుందేమో అన్నాడు ఐలేష్. షాపాయన కిటికీ అద్దం మూశాడు. మూశాక ఐలేష్ కండ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. అతని నుదుట చెమట పట్టింది.

షాపాయన పాట ఆపాడు. ఐలేష్ వెనక నిలబడ్డ కరుణ ముఖం దిక్కు ఒకసారి చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, చెప్పొద్దన్నట్టు. ఆయన ఇంకో జత తీసుకొచ్చి బల్ల మీద పెట్టి, తీగలు తగిలించి, కింద ఏదో పనున్నట్టు మెట్లు దిగిపోయాడు. ఐలేష్ పాట వెతుక్కోవడానికి అటు తిరిగాడు.

ఆ డబ్బాల వెనక ఒక్కోదానికి సౌండు పెంచే గుండీ ఒకటి ఉంటుందని కరుణ అప్పటిదాకా చూసే ఉంది. బల్ల దగ్గరికి పోయింది. ఎడమదాని వెనక చెయ్యి పెట్టి ఆ గుండీని తిప్పింది. ఎంత తిప్పాలో ఆమెకు బాగా తెలుసు. ఇన్నాళ్లూ పాటల్లో సరిచేసిన కొలతే అది, కాకపోతే ఇప్పుడు ఎదురు దిక్కు.

పాట మొదలైంది. ఐలేష్ భుజాలు కిందికి దిగాయి.

"గిది," అన్నాడు. "గిదే. చూసినవా, సరింగ నడుమల నిలవడ్డది గొంతు."

విన్న ఆ జతనే అట్టపెట్టెల్లో పెట్టించుకున్నాడు. తిరుగుదారిలో మన్నెగూడ చౌరస్తాలో బండి ఆపి చాయ్ తాగించాడు. డబ్బాల అట్టపెట్టెలను ఒడిలో పెట్టుకుని ఆమె దిగకుండానే తాగింది. బాపు పోయినప్పటి నుంచి అతను అంత మాట్లాడింది లేదు. ఇగ అన్ని పాటలు మళ్ల మొదటికెళ్లి విని చూస్తా అన్నాడు. ఆమె ఊఁ అంది.

జంగమ్మ స్పీకర్లకు కుంకుమ బొట్లు పెట్టింది. మరునాడు కరుణకు సెలవు. పొద్దున ఆమె పొయ్యి దగ్గర ఉండగా వెనక గదిలో పాట మొదలై ఆగింది. మళ్లీ మొదలై ఆగింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఆమె పొయ్యి ఆర్పేసి, పిలుస్తాడని నిలబడే ఉంది. పిలిచాడు.

పోయి చూస్తే ఐలేష్ కుర్చీ వెనక్కి తిప్పుకుని, స్పీకర్లకు వీపు పెట్టి కూర్చున్నాడు. పాట మోగుతోంది.

ఏ స్పీకరు పెట్టినా ముందు వెనక గుండీలు సమానంగా చూసుకోవాలని వీడియోల్లో చెప్పారట. చూస్తే ఎడమదాని గుండీ పైకి ఉంది, కుడిదాని గుండీ నడుమ గీత దగ్గర ఉంది. సమానం చేశాడు. చేసి వింటే ఎడమది తక్కువైంది. షాపులో లాగానే. అప్పుడు కుర్చీని తిప్పాడు. గోడకు ముఖం పెట్టి కూర్చుంటే ఇంతసేపూ తక్కువొచ్చిన డబ్బా బాగా వినబడింది, రెండోది తగ్గిపోయింది. ఇదంతా అతను ఎవరికో పని అప్పజెబుతున్నట్టు నిదానంగా చెప్పాడు.

"ఖరాబు డబ్బాల లేదు," అన్నాడు. "నేనెటు తిరిగితే అది అటే తిరుగుతుంది."

కరుణ తడి చేతులు తుడుచుకుంది.

"షాపుల గుండీ నువ్ తిప్పినవా?"

షాపాయన తిప్పి ఉంటాడు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే అతను నమ్మేవాడే.

"అవ్ బావా. నేనే తిప్పిన."

"ఎప్పటిసంది ఎరుక నీకు?"

ఆమె గడపలో కూర్చుని అంతా చెప్పింది. బస్సులో ఇయర్‌ఫోన్లు మార్చి చూసింది, స్నానానికి పోయినప్పుడు గీత జరిపింది, ఒక్కొక్క పాట. చెబుతున్నంతసేపూ అతను ఆమెను చూడలేదు, గోడ మీది బొంతనే చూశాడు. చెప్పడం అయినంక అడిగాడు.

"బాపు పాట గుడనా?"

"అవ్."

ఐలేష్ లేచాడు. పాట ఆపాడు. ఒక స్పీకరు ఆర్పి, తర్వాత రెండోది ఆర్పాడు. ఆమెను తొక్కకుండా గడప దాటి బయటికి పోయాడు. తిట్టినా బాగుండేదని కరుణ ఆ రోజంతా అనుకుంది.

దవాఖానకు పోయింది ఆ వారంలోనే. చప్పుడు చొరబడని చిన్న గదిలో అతన్ని కూర్చోబెట్టి, చెవులకు డబ్బాలు తగిలించి, చేతికి ఒక బటను ఇచ్చారు. మోత వినబడినప్పుడల్లా నొక్కాలి. కరుణ అద్దం ఇవతల నిలబడి చూసింది. కుడి చెవికి పెట్టినప్పుడు అతని బొటనవేలు నొక్కుతూ ఉంది, ఒకటి రెండుసార్లు ఆగింది కూడా. ఎడమ చెవికి మార్చారు. మిషను దగ్గరి అమ్మాయి సౌండు పెంచుతూ పోయింది. బొటనవేలు కదలలేదు. ఐలేష్ దాన్నే చూసుకుంటూ కూర్చున్నాడు, ఇంకా మొదలుపెట్టలేదేమో అన్నట్టు.

ఎడమ చెవి నరం దెబ్బతిన్నదని డాక్టరు చెప్పాడు. మోత మొదలైన కొత్తల్లో వచ్చి ఉంటే మందులతో ఏమన్నా మిగిలేదేమో, ఇప్పుడు చెప్పి లాభం లేదన్నాడు. ఈ చెవితో వినబడక సౌండు పెంచి పెంచి విన్నారు కాబట్టి రెండో చెవి కూడా అరగడం మొదలైంది. హెడ్‌ఫోన్లు, డీజేలు బంద్ చెయ్యాలి, కనీసం ఉన్నదాన్నన్నా కాపాడుకోవాలి. ఇన్ని రోజులు ఎందుకు చూపించుకోలేదని అడిగాడు.

"నాకు ఎరుక లేకుండె సార్," అన్నాడు ఐలేష్.

పక్క కుర్చీలో కూర్చున్న కరుణ తన చేతి సంచి పట్టీని మెలిపెడుతూ ఉండిపోయింది. డాక్టరు ఆమెను ఏమీ అడగలేదు. ఐలేష్ ఆమె దిక్కు తిరగలేదు. ఆమెకు ముందే తెలుసన్న ఆ ఒక్క మాటా అతను మెట్ల మీద గానీ, బండి మీద గానీ, ఇంట్లో గానీ మళ్లీ ఎత్తలేదు. ఇంటికొచ్చి తల్లి అడిగితే, చెవికి వయసైపోయిందట అమ్మా అని చెప్పి అన్నం పెట్టమన్నాడు.

తర్వాత అతను చెరువుకు పోవడం మొదలుపెట్టాడు. చిన్నాయన తెప్ప మీద. వల విసరడం రాదు, ఎక్కువసేపు తెడ్డు వేసేవాడు. పొద్దెక్కినంక వచ్చి స్నానం చేసి, ఇంటి ముందు అరుగు మీద కూర్చునేవాడు. వెనక గదిలోకి పోలేదు.

మల్లేశయ్య వచ్చింది అట్లాంటి ఒక పొద్దునే. అబ్దుల్లాపూర్‌మెట్ పక్క ఊళ్లో వ్యవసాయం ఆయనది. భార్య పోయి యేడు కావస్తుంది. ఆమె మీద పాట సగం చేసి ఉంది, సంవత్సరీకానికి అందుతుందో లేదో అని అడగడానికి వచ్చాడు. పాట ఆపేసినమని చెప్పి పంపిస్తాడేమో అనుకుంది కరుణ. ఐలేష్ అరుగు మీద నుంచి లేచాడు.

"అందుతది," అన్నాడు. "కరుణ చేస్తది."

ఆమెను అడగలేదు. ఆమె కాదనలేదు.

సెలవు రోజుల్లో ఆమె ఆ గదిలో ఒక్కతే కూర్చుంది. ఆ స్పీకర్లు అతను చెప్పినట్టే ఉన్నాయి. ఇన్నాళ్లూ ఇయర్‌ఫోన్లలో వినబడని తప్పులన్నీ బయటపడ్డాయి. ఐలేష్ పాడించిన కోరస్‌లో తన గొంతే ఒకచోట తడబడింది. డప్పు ఒకచోట ముందుకు ఉరికింది. ఇదెట్లా సరిచెయ్యాలి బావా అని అడగడానికి గడప దాకా పోయి, అరుగు మీద కూర్చున్న అతని వీపు చూసి, తిరిగొచ్చింది. తెలిసినంత చేసింది. తెలియనిది వదిలేసింది.

మల్లేశయ్యకు పాట ఆ గదిలోనే వినిపించింది. ఐలేష్ లోపలికి రాలేదు, తలుపు బయట నిలబడ్డాడు. పాటలో భార్య పేరు వచ్చినచోట ముసలాయన తువ్వాలను ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అయిపోయినంక బయటికి వచ్చి ఐలేష్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నీ చెయ్యి సల్లగుండ బిడ్డా. ఆమె నా ముంగట వచ్చి కూసున్నట్టే అయింది."

"నేను చెయ్యలే పెద్దయ్యా. కరుణ చేసింది."

మల్లేశయ్య అవునవునని తల ఊపాడు. పెండ్లాం ముందర మర్యాదకు అంటున్నాడనుకున్నాడేమో, మళ్లీ అతని చేతులే నొక్కి పోయాడు.

కరుణ తలుపు దగ్గరే నిలబడింది. ఐలేష్‌కు కుడి పక్కకు వచ్చి అడిగింది.

"నీకు ఎట్లనిపించింది బావా?"

 కొట్టంలో ఆరేసిన వలను తీసి భుజం మీద వేసుకున్నాడు.

"మంచిగనే ఉన్నట్టుంది," అన్నాడు. "లేకపోయినా నాకు తెల్వదు గద. ఇగ నన్ను అడగకు."

అందులో కోపం లేదు.  అతను చెరువు బాట పట్టి పోతుంటే చూస్తూ నిలబడింది.

ఆ గదిలో పాటలు ఇప్పటికీ అవుతున్నాయి. ఎవరింట్లోనో ఒకరు పోతారు, మనుషులు ఫొటో పట్టుకుని వస్తారు. కరుణ కంపెనీ నుంచి వచ్చి ఒక గంట, ఆదివారం పూట కాస్త ఎక్కువసేపు కూర్చుంటుంది. సౌండు తక్కువ పెట్టుకుంటుంది. పాట కింద పేరు మాత్రం ఐలేష్‌దే పడుతుంది. తీసెయ్యమని అతను చెప్పలేదు, ఉంచమనీ అనలేదు. ఆమె ప్రతిసారీ ఆ పేరు దగ్గర కొంచెంసేపు ఆగి, అట్లాగే ఎక్కిస్తుంది.